14416లో నా గోడు విన్న మేడమ్‌కి

మేడమ్, నమస్తే. గ్రూప్స్ ఫలితం చూసుకుని, చిక్కడపల్లి లైబ్రరీ బయట నిలబడి మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కి ఫోన్ చేసిన అమ్మాయిని నేనే. 2022లో కేంద్రం మొదలుపెట్టిన ఈ ఉచిత నంబరులో తెలుగులోనే మాట్లాడొచ్చని మా రూమ్మేట్ చెబితే నమ్మలేదు.

"ధైర్యంగా ఉండమ్మా" అని మీరు అనలేదు. ఆ ముక్క చెప్పడానికి చుట్టాలున్నారుగా! నేను ఏడుస్తూ ఆగిపోతే మీరూ ఆగారు. ఫోన్ కట్టయిందేమో అనుకున్నా. కాసేపటికి, "ఉన్నానండీ, మెల్లగా చెప్పండి" అన్నారు. అంతా విన్నాక, "పరీక్ష పోయినదానికన్నా నాన్నగారికి ఏం చెప్పాలన్నదే మిమ్మల్ని తినేస్తున్నట్టుంది, అంతేనా?" అన్నారు. అచ్చం అదే! నాకే అప్పటిదాకా తట్టలేదు.

ఆ సాయంత్రమే నాన్నకి చెప్పేశా. పెళ్లి సంబంధాల గొడవ ఇంకా తెగలేదు కానీ, రాత్రిళ్లు నిద్ర పడుతోంది. చాలా థ్యాంక్స్ మేడమ్.