అమ్మ తరఫున, నా తరఫున కృతజ్ఞతలు

మా అమ్మ టిఫిన్ సెంటర్ ఈ సోమవారం మళ్లీ తెరిచింది. ఇన్నాళ్లూ "అమ్మకి ఎలా ఉంది" అని అడిగిన వాళ్లందరికీ విడివిడిగా జవాబు చెప్పలేకపోయాను. అందుకే అందరికీ ఇక్కడే థాంక్స్ చెప్పుకుంటున్నాను. పోస్టు కాస్త పెద్దదవుతుంది. చెప్పుకోవాల్సిన వాళ్లలో మా గుడివాడ వాళ్లూ ఉన్నారు, అమ్మ ఎప్పుడూ పేరు కూడా వినని లండన్ వాళ్లూ ఉన్నారు.

అమ్మకి రుమటాయిడ్ ఆర్థరైటిస్. మనవైపు కీళ్లవాతం అనేస్తాం. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే కీళ్ల లోపలి పొర మీద పడి దాన్ని వాచేలా చేస్తుంది, వదిలేస్తే ఎముకనీ తినేస్తుంది. మొదట్లో ఎవరూ ఆ పేరు చెప్పలేదు. చికెన్‌గున్యా తర్వాత మిగిలిన నొప్పులన్నారు, వయసన్నారు, నీళ్లలో పని అన్నారు. ఒకచోట పేరు లేని పొట్లాలు కట్టిచ్చారు. వేసుకున్నన్నాళ్లు హాయిగా ఉండేది, మానగానే నొప్పి రెట్టింపయ్యేది. అందులో స్టెరాయిడ్ కలిపి ఉంటారని తర్వాత తెలిసింది. పొద్దున లేచాక అమ్మ వేళ్లు విడివడడానికి గంట పైనే పట్టేది. ఇంకా చీకటి ఉండగానే పిండి కలిపి పొయ్యి వెలిగించాల్సిన మనిషికి ఆ గంట ఎలా గడిచేదో పక్కనుండి చూసిన నాకు తెలుసు. చివరికి అట్లకాడ పట్టుకోలేక షాపు మూసేసింది.

ముందుగా విజయవాడలోని మా రుమటాలజిస్ట్ (ఇలాంటి కీళ్ల జబ్బులు చూసే) డాక్టరు గారికి. మేడమ్, మీరు అమ్మ చేతులు మీ చేతుల్లోకి తీసుకుని ఒక్కో కణుపూ నొక్కి చూశారు. అంతవరకు రిపోర్టులు చూసినవాళ్లే కానీ చేతులు చూసినవాళ్లు లేరు. ఈ జబ్బుని పట్టించే యాంటీ సీసీపీ అనే రక్తపరీక్ష రాయడానికి ముందే జబ్బేమిటో మీకు అర్థమైపోయిందని ఇప్పుడు అనిపిస్తుంది. మెథోట్రెక్సేట్ అనే మాత్ర రాసిన మందుల చీటీ మీద "బుధవారం మాత్రమే" అని తెలుగులో పెద్దక్షరాలతో రాసి, దాని కింద గీత గీశారు. ఫార్మ్ డీ (మందుల గురించిన కోర్సు) చదువుతున్నదాన్ని కాబట్టి ఆ గీత విలువ నాకు తెలుసు. ఆ మాత్ర వారానికి ఒక్కసారే వేసుకోవాలి, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఇంట్లో ఎవరైనా ఈ మందు వాడుతుంటే దయచేసి ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి.

ఆ మందు గురించి ఒక మాట. 1940ల్లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లే ప్రయోగశాలలో యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో పనిచేసిన బృందం ఫోలిక్ యాసిడ్‌కి అడ్డుపడే మందులు చేసింది. మెథోట్రెక్సేట్ వాటిలో ఒకటి. అప్పట్లో వాళ్ల ఆలోచనంతా క్యాన్సర్ మీదే. భీమవరంలో పుట్టిన ఆయన 1948లోనే పోయారు. ఇదే మందు తక్కువ డోసులో కీళ్లవాతానికి పనిచేస్తుందని 1980ల్లో గట్టిగా రుజువైంది. ఇవాళ ప్రపంచంలో ఎక్కడైనా ఈ జబ్బుకి మొదట రాసే మందు సాధారణంగా ఇదే. భీమవరం మాకు ఎంతో దూరం లేదు. ఇది చెప్పినప్పుడు అమ్మ కళ్లు పెద్దవయ్యాయి.

అయితే అమ్మకి అదొక్కటే సరిపోలేదు. వాపు కొంత తగ్గింది కానీ ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే సీఆర్‌పీ అనే రక్తపరీక్ష అంకె దిగలేదు, మణికట్లు అలాగే ఉన్నాయి. అప్పుడు డాక్టరు గారు బయోలాజిక్ (జీవకణాల్లో తయారుచేసే మందు) ఇంజెక్షన్ గురించి చెప్పారు. అడాలిముమాబ్, రెండు వారాలకొకటి, చర్మం కింద. మొదలుపెట్టే ముందు ఛాతీ ఎక్స్‌రే, టీబీ పరీక్ష తప్పనిసరి అన్నారు. ఈ మందు అడ్డుకునే టీఎన్‌ఎఫ్ అనే పదార్థమే ఒంట్లో నిద్రపోతున్న టీబీ క్రిములను కట్టడి చేసి ఉంచుతుంది. మనలాంటి దేశంలో ఆ పరీక్ష చేయకుండా ఇంజెక్షన్ ఇవ్వకూడదు. తొందరపెట్టిన మాకు ఓపిగ్గా ఇదంతా చెప్పినందుకు మేడమ్‌కి మళ్లీ థాంక్స్.

ఇక డబ్బు. మా వీధి చివరి పిన్ని తన వంతు వచ్చిన చీటీని అమ్మకి వదిలేసింది. వాళ్ల అమ్మాయి కాలేజీ ఫీజు కోసం దాచుకున్న చీటీ అది. పిన్నీ, నువ్వు ఈ మాట బయట చెప్పొద్దన్నావు, కానీ చెప్పకుండా ఉండలేను. మెడికల్ షాపు బాబాయ్ ఇంజెక్షన్‌ని విజయవాడ నుంచి ఐస్ ప్యాకుల్లో తెప్పించి, కరెంటు పోయిన రోజుల్లో తన ఇంట్లో ఇన్వర్టర్ ఉన్న ఫ్రిజ్‌లో పెట్టాడు. భయంతో ఏడుస్తున్న అమ్మకి పొట్ట మీద ఎక్కడ, ఎలా గుచ్చుకోవాలో చూపించిన నర్సు అక్క, అయిపోయాక అమ్మ తల నిమిరింది. అక్కా, అమ్మ ఇప్పటికీ నీ గురించే చెబుతుంది.

ఇప్పుడు లండన్ వాళ్ల సంగతి. ఈ ఇంజెక్షన్ వెనక పని మొదలైంది అక్కడి కెన్నెడీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రుమటాలజీలో. ఇద్దరు ముఖ్యులు. ఒకరు రవీందర్ మైనీ, 1937లో లూధియానాలో పుట్టి, చిన్నప్పుడే ఉగాండాకి, అక్కడినుంచి ఇంగ్లండుకి వెళ్లిన రుమటాలజిస్ట్. ఇంకొకరు మార్క్ ఫెల్డ్‌మన్, ఆస్ట్రేలియాలో చదివిన ఇమ్యునాలజిస్ట్, అంటే రోగనిరోధక వ్యవస్థ మీద పనిచేసే శాస్త్రవేత్త. ఒకరికి జబ్బు తెలుసు, ఒకరికి కణాలు తెలుసు. ఆపరేషన్‌లో తీసిన రోగుల కీళ్ల పొరను ల్యాబ్‌లో పెంచి చూస్తే, వాపు పుట్టించే సైటోకైన్లు (కణాలు ఒకదానికొకటి పంపుకునే సంకేత పదార్థాలు, టీఎన్‌ఎఫ్ వాటిలో ఒకటి) ఒకటి కాదు, బోలెడు కనిపించాయి. ఇన్ని ఉన్నప్పుడు ఒకదాన్ని ఆపి ఏం లాభం అని అప్పట్లో చాలామంది అనుకున్నారు. ఆ మాటలో న్యాయం ఉంది కూడా. కానీ వాళ్ల బృందంలోని ఫియోనులా బ్రెన్నన్ ఆ కణాలకు టీఎన్‌ఎఫ్‌ని అడ్డుకునే యాంటీబాడీ కలిపి చూస్తే, ఇంటర్‌ల్యూకిన్-1 అనే ఇంకో సైటోకైన్ తయారీ కూడా పడిపోయింది. వీధి మొదట్లో వాల్వు కడితే కింద కుళాయిలన్నీ ఆగిపోయినట్టు. 1989లో ఆ ఫలితం లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. బ్రెన్నన్ గారు 2012లో చనిపోయారు. మైనీ, ఫెల్డ్‌మన్‌లకు 2003లో వైద్య పరిశోధనకిచ్చే లాస్కర్ అవార్డు వచ్చింది, ఇద్దరూ సర్ బిరుదులు అందుకున్నారు. ఆమె పేరు మాత్రం మా క్లాసులో కూడా ఎవరూ చెప్పలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నాకు అందరికంటే ఎక్కువ రుణపడ్డట్టు అనిపించేది వీళ్లెవరికీ కాదు. 1992లో లండన్ చేరింగ్ క్రాస్ ఆసుపత్రిలో టీఎన్‌ఎఫ్‌ని అడ్డుకునే ఈ వైద్యాన్ని మొదటిసారి ఒంట్లోకి ఎక్కించుకున్న 20 మంది రోగులకి. అప్పటి మందు ఇన్‌ఫ్లిక్సిమాబ్, అమ్మ వాడేదానికి అక్కలాంటిది. అప్పటికే ఉన్న మందులు వాళ్లకు పనిచేయలేదు. ఈ కొత్త మందు ఏం చేస్తుందో డాక్టర్లకీ పూర్తిగా తెలియదు. అయినా చేయి చాపారు. వాపులు తగ్గాయి, నీరసం పోయింది. కానీ కొన్ని వారాలకి జబ్బు తిరిగొచ్చింది. హాయిగా ఉండడం అంటే ఏమిటో రుచి చూసి, మళ్లీ ఆ నొప్పిలోకి వెళ్లడం ఎంత కష్టమో పొట్లాల మందు రోజుల్లో అమ్మని చూశాను కాబట్టి ఊహించగలను. వాళ్లలో కొందరికి మళ్లీ ఇచ్చి చూస్తే మళ్లీ పనిచేసింది. అలా ఈ మందు ఒకసారి ఇచ్చి వదిలేసేది కాదని తేలింది. తర్వాత 73 మందితో నాలుగు వారాల పరీక్ష జరిగింది. అందులో 24 మందికి ఉత్త సెలైన్ లాంటిదే ఎక్కింది, ఇద్దరికే గుణం కనిపించింది. ఎక్కువ డోసు వచ్చినవాళ్లలో ప్రతి ఐదుగురిలో దాదాపు నలుగురికి తగ్గింది. మెథోట్రెక్సేట్‌తో కలిపి ఇస్తే ఫలితం ఇంకా నిలబడుతుందని ఆ తర్వాత తేలింది. అమ్మ బుధవారం మాత్ర మానకపోవడానికి కారణం అదే. ఆ రోగుల పేర్లు ఎవరికీ తెలియవు. వాళ్లందరికీ మా ఇంటిల్లిపాది నమస్కారాలు.

ఇంకో మేలు మన దేశంలోనే జరిగింది. 2014 డిసెంబరులో అహ్మదాబాద్ జైడస్ కంపెనీ అడాలిముమాబ్‌కి ప్రపంచంలోనే మొదటి బయోసిమిలర్ (అసలు మందుకి చాలా దగ్గరగా ఉండేలా వేరే కంపెనీ చేసే మందు) విడుదల చేసింది. ఆ తర్వాత ఇంకొన్ని వచ్చాయి. అమ్మ వాడేది అలాంటిదే. విదేశీ కంపెనీ చేసే అసలు ఇంజెక్షన్ ఒక్కటే దిక్కయి ఉంటే పిన్ని చీటీ ఒక నెలకి కూడా చాలేది కాదేమో.

జబ్బు పూర్తిగా పోలేదు. పోయే జబ్బు కాదు. చిటికెన వేలు కొంచెం వంకరగానే ఉండిపోయింది. ఈ మందు అందరికీ ఒకేలా పనిచేయదని కూడా చెప్పాలి, అమ్మకి పనిచేయడం మా అదృష్టం. పెసరట్టు మాత్రం అమ్మే తిప్పుతోంది. అల్లం తరగడం, కొబ్బరి కోరడం నాన్న చూసుకుంటున్నారు, గ్రైండర్ పని నాది.

పిన్నీ, చీటీ డబ్బులు సంక్రాంతి లోపు సర్దేస్తాం. డాక్టరు గారూ, వచ్చే చెకప్‌కి అమ్మ మీకోసం కారప్పొడి పట్టుకొస్తానంటోంది, వద్దనకండి. మీ ఇంట్లో ఎవరికైనా రెండు చేతుల వేళ్ల కణుపులూ వాచి, పొద్దున పూట గంట పైనే బిగుసుకుపోతుంటే వాతమని ఊరుకోకుండా రుమటాలజిస్ట్‌కి చూపించండి. ఏ పరీక్షలు ఉంటాయి, ఇంజెక్షన్ ఇంట్లో ఎలా భద్రపరచాలి లాంటివి తెలుసుకోవాలంటే నాకు మెసేజ్ పెట్టండి. సాయంత్రం క్లాసులయ్యాక ఫోన్ చేస్తాను.