చలిలో పడని గేర్లు – చిక్కటి ఆయిలు చేస్తున్న చేటు

సంపాదకులకు నమస్కారం.

చలికాలంలో అనంతపురం నుంచి చీనీకాయల (బత్తాయిల) లోడుతో ఉత్తరాదికి పోయే పాత లారీలకు పొద్దున పూట గేర్లు సరిగా పడవు. బండి ముసలిదైందనో, డ్రైవరుకు చేతకావడం లేదనో యజమానులం సరిపెట్టుకుంటాం. నేనూ అట్లే అనుకున్నాను. ఈ జనవరిలో నా పదకొండేళ్ల లారీ గ్వాలియర్ దగ్గర నిలిచిపోయాక గాని, అసలు తప్పు ఇక్కడ మన ఊళ్లోనే జరిగిందని తెలిసిరాలేదు.

నార్పల తోటల్లో లోడెత్తుకున్న బండి 44వ నంబరు జాతీయ రహదారి మీద కర్నూలు, హైదరాబాద్, నాగపూర్, ఝాన్సీ దాటి ఆగ్రా మండీకి చేరాలి. గ్వాలియర్ ఇవతల ఒక ఢాబా దగ్గర రాత్రి ఆపి, తెల్లవారుజామున ఐదింటికి స్టార్టు చేసిన డ్రైవరు నాకు ఫోను చేసి, "అన్నా, గేరు రాడ్డు సంగట్లో దిగబడిన తెడ్డు మాదిరుంది, రెండో గేరు పడనే పడదు" అన్నాడు. అక్కడి మెకానిక్కు క్లచ్ ప్లేటు పోయిందంటే మార్పించాం. ఒక రోజంతా పోయింది, కాయ మెత్తబడింది, మర్నాడు తెల్లారేసరికి మళ్లీ అదే కథ. ఎండ ఎక్కి, బండి కొంత దూరం నడిచాక మాత్రం అన్ని గేర్లూ సాఫీగా పడ్డాయి.

బండి తిరిగొచ్చాక గేరు బాక్సు డ్రైన్ నట్టు విప్పించి దగ్గరుండి చూశాను. ఆయిలు బెల్లం పాకంలా తీగలు సాగుతూ దిగింది. నట్టు అయస్కాంతానికి ఇనుప రజను అంటుకోవడం మామూలే గాని, పళ్లెంలోని ఆయిల్లో ధర్మవరం చీర జరీ రాలినట్టు ఇత్తడి రజను మెరుస్తుంటే మనసు చివుక్కుమంది. అంతకుముందు వేసవిలో గేరు బాక్సు శబ్దం చేస్తోందని చెబితే, ఇక్కడి మెకానిక్కులు కంపెనీ పుస్తకంలో రాసిన 80డబ్ల్యూ-90 రకం ఆయిలు బదులు, వెనక క్రౌనులో (వెనక ఇరుసు మధ్య చక్రాలను తిప్పే పళ్ల చక్రాల పెట్టెలో) పోసే ఇంకా చిక్కటి 85డబ్ల్యూ-140 ఆయిలు పోశారు. చిక్కటి ఆయిలుతో శబ్దం అణిగింది, అరుగుదల అలాగే ఉండిపోయింది.

ఆయిలు డబ్బా మీద 'డబ్ల్యూ' అంటే చలికాలమని, దాని తర్వాత వచ్చే 90, 140 లాంటి అంకె 100 డిగ్రీల వేడిలో ఆయిలు చిక్కదనాన్ని తెలిపేదని మనలో ఎందరికి తెలుసు? మన దగ్గర చలికాలపు తెల్లవారుజాములు సాధారణంగా 15 డిగ్రీలకు అటూఇటూగా ఉంటాయి కాబట్టి ఆ 140 ఆయిలుతోనూ బండి ఎలాగో నడిచిపోతుంది. గ్వాలియర్‌లో 5 డిగ్రీలకు దిగిన రోజున అదే ఆయిలు మరీ చిక్కబడుతుంది. గేరు మారేటప్పుడు ఇత్తడి సింక్రో రింగు తన సన్నని గాట్లతో ఆయిలు పొరను కోసుకుని గేరును పట్టుకుని, రెండింటి వేగాన్ని సమం చేయాలి. పొర చిక్కగా ఉంటే ఆ పట్టు దొరకదు, రాడ్డు బిగుసుకుంటుంది, బలవంతంగా తోస్తే కరకరమంటూ పళ్లు అరుగుతాయి. పైగా క్రౌను కోసం చేసిన కొన్ని ఆయిళ్లలోని గంధకపు మందులు ఇత్తడిని తినేస్తాయి. పొద్దున మొరాయించి, వేడెక్కాక బాగైపోయే బండికి ముందు ఆయిలు చూడాలి, ఆ తర్వాతే క్లచ్ విప్పాలి.

ఆటోమేటిక్ గేర్ల బండ్లున్నవారికి ఇది ఇంకా ముఖ్యం. వాటిలో గేర్లు మార్చేదే ఆయిలు ఒత్తిడి కాబట్టి, చల్లటి ఆయిలు దారుల్లో నిదానంగా పారితే గేరు ఆలస్యంగా పడుతుంది. మొదటి కొద్ది నిమిషాల చిన్నపాటి ఆలస్యాన్ని చూసి భయపడనక్కరలేదు గాని, అక్కడ వేరే రకం ఆయిలు పోస్తే ఖర్చు గేరు బాక్సుతోనే తీరుతుంది.

మా లారీ యజమానుల సంఘాలకూ, మెకానిక్కు సోదరులకూ నా మనవి ఒక్కటే. గేరు బాక్సులో ఏ ఆయిలు, ఏ తేదీన, ఎన్ని లీటర్లు పోశారో బిల్లు మీద రాసి, అదే చీటీని డ్రైవరు తలుపు లోపల అంటించండి. శబ్దం వస్తే బేరింగు చూడమనండి, చిక్కటి ఆయిలుతో దాచమనకండి. బండ్ల కంపెనీలు ఆయిలు పట్టికనైనా తెలుగులో అచ్చువేసి బండితో ఇవ్వాలి. రవాణా శాఖ వారు ఫిట్‌నెస్‌కు వచ్చిన బండి యజమానులకు ఈ సంగతి చెప్పే ఒక కరపత్రం ఇస్తే, వచ్చే డిసెంబరులో లోడెత్తే డ్రైవర్లు చలిలో దిక్కుతోచక రోడ్డు పక్కన నిలబడే బాధ తప్పుతుంది.

ఇట్లు,
ఒక లారీ యజమాని,
అనంతపురం