సీటు అడగడానికి నోరు ఎందుకు పెగలదు?

సంపాదకులకు నమస్కారం.

బస్సుల్లో, రైళ్లలో పెద్దలు నిలబడి ఉన్నా యువత సీట్లలోంచి లేవడం లేదని ఈ మధ్య మీ పత్రికలో ఒక పాఠకుడు ఆవేదనతో ఉత్తరం రాశారు. ఆయన బాధ న్యాయమైనదే. అయితే ఎవరు లేవాలి, ఎవరు కూర్చోవాలి అన్నదానికి ఆయన పెట్టుకున్న కొలబద్ద నెరిసిన జుట్టు ఒక్కటే. ఆ లెక్కన నేను లేచి నిలబడవలసిన మనిషిని. నాకు 34 ఏళ్లు. రుమటాయిడ్ కీళ్లవాతం ఉంది.

వయసు మీరాక వచ్చే కీళ్ల అరుగుదల వేరు, ఇది వేరు. ఈ జబ్బులో మన రోగనిరోధక వ్యవస్థే కీళ్ల లోపలి పొర మీద దాడి చేస్తుంది. మగవారికంటే ఆడవారిలో ఎక్కువ. ముసలితనం దాకా ఆగదు. పొద్దున నిద్ర లేచాక గంటకు పైగా కీళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. అందరూ పనులకు బయలుదేరి బస్సులు కిక్కిరిసిపోయే వేళకు నా వేళ్లు ఇంకా పూర్తిగా ముడుచుకోవు. పైనున్న కడ్డీని పిడికిట పట్టుకోలేను, ముంజేతిని దాని మీదుగా వేసి ఆనుకుంటాను. డ్రైవరు బ్రేకు వేస్తే ఒంటి బరువంతా వాచిన మణికట్టు మీదికి వస్తుంది. అరికాళ్ల ముందు భాగమైతే గులకరాళ్ల మీద నిలబడ్డట్టే. చూసేవారికి ఇవేవీ కనబడవు. నిక్షేపంలా ఉన్న ఒక యువతి కనబడుతుంది.

అలాంటప్పుడు నోరు తెరిచి అడగవచ్చు కదా అంటారు. అడగడం ఎంత కష్టమో అడిగినవారికే తెలుసు. 1970వ దశకంలో స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త న్యూయార్క్ భూగర్భ రైళ్లలో తన విద్యార్థుల చేత ఒక ప్రయోగం చేయించాడు. కూర్చున్నవారి దగ్గరికి వెళ్లి, ఏ కారణమూ చెప్పకుండా సీటు ఇవ్వమని అడగాలి. అలా అడిగితే 68 శాతం మంది లేచారు, లేదా జరిగి చోటిచ్చారు. నిలబడి పుస్తకం చదవలేకపోతున్నామని కారణం చెప్పినప్పుడు మాత్రం అంతకంటే బాగా తక్కువ మందే చోటిచ్చారు. అంటే జనం మనం అనుకున్నంత కఠినులు కారు. కానీ అడగడానికి ఆ విద్యార్థులు నలిగిపోయారు. మిల్‌గ్రామ్ స్వయంగా వెళ్లినప్పుడు ఆయనకూ మాట గొంతులోనే ఆగిపోయింది. సీటు దొరికాక, అడిగినందుకు తగినట్టు జబ్బు మనిషిలా కనిపించాలన్న ఒత్తిడితో తల వాల్చేసి పాలిపోయాడట. ఆరోగ్యంగా ఉన్నవాడికే అంత యాతన అయితే, రోజూ నొప్పితో బతికేవారి సంగతి ఆలోచించండి. పైగా మాకు అడిగాక ఇంకో పరీక్ష ఉంటుంది. "ఇంత చిన్న వయసులో మీకేమైంది?" అని పదిమంది ముందు సంజాయిషీ అడుగుతారు. నా జబ్బు పేరు తెలుసుకునే హక్కు పక్క సీటువారికి లేదు.

గర్భిణుల కష్టమూ ఇంతే. పొట్ట కనబడితేనే లేస్తాం. నిజానికి వికారం, నీరసం, కళ్లు తిరగడం చాలామందిని పీడించేది మొదటి మూడు నెలల్లోనే, అప్పుడు పైకి ఏమీ తెలియదు. లండన్ రవాణా సంస్థ గర్భిణులకు 2005 నుంచి ప్రత్యేక బ్యాడ్జీలు ఇస్తోంది. కనిపించని అనారోగ్యాలు ఉన్నవారి కోసం, సీటు ఇవ్వమని కోరే బ్యాడ్జీని 2017లో తెచ్చింది. దానికి డాక్టరు చీటీ చూపించనక్కర్లేదు, జబ్బేమిటో చెప్పనక్కర్లేదు. జపాన్‌లో టోక్యో నగర ప్రభుత్వం 2012లో ఇలాంటివారి కోసమే ఒక ఎర్రని గుర్తు ప్రవేశపెట్టింది. సంచికి తగిలించుకుంటే చాలు. నోటితో పని లేకుండా చేయడమే వీటి గొప్పతనం.

బ్యాడ్జీ లేని చోట తోటి ప్రయాణికులు చేయగలిగినది చాలా ఉంది. మీరు సీట్లోంచి లేవకుండానే "కూర్చుంటారా?" అని అడిగితే మాలో చాలామంది మొహమాటానికి "ఫర్వాలేదు" అనేస్తాం. లేచి, ఒక అడుగు పక్కకు జరిగి, "రండి, కూర్చోండి" అనండి. అంతే, ఇక మా వైపు చూడనక్కర్లేదు. బస్సు కదులుతూ ఉంటే ఆగేదాకా ఓపిక పట్టండి, సీటు మారే తొందరలో పడిపోయే ప్రమాదం ఉంది. చూపు లేనివారిని భుజాలు పట్టి కూర్చోబెట్టేయకండి, సీటు ఎటు ఉందో చెప్పి వారి చేతికి సీటు వీపు అందేలా చేయండి. ఎవరైనా వద్దంటే రెండోసారి బలవంతం చేయకండి. పెద్దలకూ ఒక మనవి. ఎవరైనా కుర్రవాడు లేచి సీటిస్తే "నేనేమైనా ముసలివాణ్ణా?" అని కసరకండి. ఆ మాట పడ్డవాడు రేపు ఇంకొకరి కోసం లేవడానికి జంకుతాడు.

అలాగే, ప్రత్యేక సీటులో కూర్చున్న యువకుడిని నలుగురిలో నిలదీసే ముందు ఒక్క క్షణం ఆగాలి. అతనికి కృత్రిమ కాలు ఉండవచ్చు, నిన్ననే డయాలసిస్ అయి ఉండవచ్చు. మర్యాదగా అడిగితే లేవగలిగినవాడు లేస్తాడు, లేవలేనివాడు తల అడ్డంగా ఊపుతాడు. ఆ జవాబుతో సరిపెట్టుకుని పక్కవారిని అడగాలి. ప్రత్యేక సీట్ల మీద బోర్డు ఉంది కాబట్టి మిగతా సీట్లవారికి ఏ బాధ్యతా లేదనుకోవడం నాకు మరీ బాధ కలిగిస్తుంది.

ఆ బోర్డుల మీద వృద్ధులు, దివ్యాంగులు, గర్భిణులు అన్న మాటల పక్కన "పైకి కనిపించని అనారోగ్యం ఉన్నవారు" అని కూడా రాయించాలని రవాణా అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఎవరైనా సీటు అడిగితే కారణం ఆరా తీయకుండా సాయం చేయాలని సిబ్బందికి శిక్షణలో చెప్పించాలి. ప్రయాణికులు కూర్చున్నాకే, లేదా గట్టిగా పట్టుకున్నాకే బండి కదిలించాలని డ్రైవర్లకు మరోసారి గుర్తు చేయాలి.

ఇట్లు,
రోజూ బస్సులో పనికి వెళ్లే ఒక పాఠకురాలు