ధూళికట్ట, కోటిలింగాల మట్టిగోడల గురించి మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర పర్యాటక, సాంస్కృతిక శాఖల మంత్రి గారికి,

నమస్కారం.

పెద్దపల్లి జిల్లా ధూళికట్ట అనగానే బౌద్ధ స్తూపం, బుద్ధుడికి నీడ పట్టిన, పడగ విప్పిన ముచిలింద నాగుడి రాతిపలక గుర్తుకొస్తాయి. జగిత్యాల జిల్లా కోటిలింగాల అనగానే నాణేలు గుర్తుకొస్తాయి. ఈ రెండు ఊళ్లనూ చుట్టి ఆనాటివాళ్లు పోసిన మట్టిగోడకు మాత్రం అంత గౌరవం దక్కలేదు. చూడటానికి అదొక గడ్డ, తుమ్మచెట్లు మొలిచిన దిబ్బ. పాత ఊరి దిబ్బల మట్టి, అదే పాటిమన్ను, చేనుకు బలమని రైతులకు తెలుసు, ఇటుక బట్టీలవాళ్లకు మట్టి ఎప్పుడూ కావాలి. ఇలాంటి దిబ్బ పక్కకు ఒక్క జేసీబీ వచ్చిందంటే పూట గడవకముందే రెండువేల ఏళ్ల కట్ట ట్రాక్టర్లకెక్కుతుంది. ఈ లేఖ ఆ గోడ గురించే.

ఆంధ్రులకు కోటగోడలున్న పట్టణాలు ముప్పై ఉన్నాయని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. పాఠ్యపుస్తకాల్లో అందరం చదివిన మాటే. ఆ ముప్పైలో ఇవి ఉన్నాయా అని అడిగితే జవాబు చెప్పాల్సింది గోడ. కోటిలింగాలలో శాతవాహన రాజు సిముకుడి నాణేలతో పాటు గోబద, నారన, కంవాయ, సమగోప అనే పాలకుల నాణేలూ దొరికాయి. ఇంతకీ కోట కట్టింది శాతవాహనులా, వాళ్లకు ముందున్న ఈ రాజులా? నాణెం చేతులు మారుతుంది, ఊళ్లు దాటుతుంది. పోసిన చోటు నుంచి కదలనిది గోడ ఒక్కటే. అది ఎప్పుడు పోశారో తేలితే ఆ ప్రశ్న చాలావరకు తేలుతుంది.

గోడ లోపల ఏముంటుందో కాస్త దగ్గరగా చూడండి. కందకం తవ్విన మట్టినే పక్కన గోడగా పోస్తారు. మొదట తవ్వేది పైమట్టి, కాబట్టి అది గోడ అడుగుకు చేరుతుంది. చివర తవ్వేది లోతులోని మొరం, అది గోడ నెత్తికెక్కుతుంది. అంటే నేలలో ఉన్న వరుస గోడలో తలకిందులవుతుంది. ఆ పైమట్టిలో అంతకుముందు కాపురమున్నవాళ్ల కుండపెంకులు కలిసి ఉంటాయి. అనుభవం లేనివాళ్లు గోడలో దొరికిన నలుపు ఎరుపు పెంకును చూసి గోడ కూడా అంత పాతదే అని రాసేస్తారు. అది తప్పు. గోడలో అన్నిటికన్నా కొత్త వస్తువు ఏదో, గోడ వయసు దానికన్నా ఎక్కువ ఉండదు.

అసలు సాక్ష్యం ఇంకా కింద ఉంటుంది. గోడ పోయకముందు నాటి నేల, గడ్డి మొలిచిన నేల, మొదటి తట్ట మట్టి కింద అలాగే మూతపడిపోతుంది. గోడను అడ్డంగా కోసినట్టు తవ్వితే, ఆ కోతలో అది నల్లటి సన్నని చారలా కనిపిస్తుంది, రెండు వేళ్ల మందం ఉంటే గొప్ప. ఆ చారలోని ఇసుక రేణువులు చివరిసారి ఎండ చూసింది ఎప్పుడో ప్రయోగశాలలో లెక్కగట్టవచ్చు. అహ్మదాబాద్ భౌతిక పరిశోధనా ప్రయోగశాల (పీఆర్ఎల్)లో, డెహ్రాడూన్ వాడియా హిమాలయ భూగర్భ శాస్త్ర సంస్థలో ఆ సౌకర్యం ఉంది. నమూనాను గోడ నడుమ పోసిన మట్టి నుంచి తీస్తే లాభం లేదు. తట్టలతో గుమ్మరించిన మట్టికి ఎండ సరిగా తగలదు, లెక్క అసలుకన్నా పాతదిగా వస్తుంది. పాత నేల నుంచీ, కందకంలో మెల్లగా పేరుకున్న ఒండ్రు నుంచీ తీయాలి. కోత ముఖాన్ని అప్పటికప్పుడు చెక్కి, ఉక్కు గొట్టాన్ని అడ్డంగా దిగ్గొట్టి, వెలుతురు సోకకుండా రెండు కొసలూ మూసి, నల్లగుడ్డ చుట్టి పంపాలి. తేమ కొలవడానికి అదే చోటి మట్టిని గాలి చొరని సంచిలో విడిగా కట్టాలి. ఇది మరిచిపోతే లెక్క గాడి తప్పుతుంది. వయసు తేల్చే కార్బన్ పరీక్షకు పెద్ద బొగ్గు ముక్కకన్నా మాడిన గింజ మేలు. చెట్టు నడిమి చేవ వందేళ్ల ముందుదై ఉండొచ్చు, గింజ ఆ ఏటిదే.

ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, సుందరీకరణ పేరుతో గోడ పాదం వెంట కాంక్రీటు గోడ కట్టాలన్నా, నడకదారి వేయాలన్నా దాని పునాదికి తవ్వే కాలవ సరిగ్గా ఆ నల్లచార మీదుగానే పోతుంది. రక్షించబోయి అన్నిటికన్నా విలువైనదాన్నే ముందు తవ్వి పారబోస్తాం. పైగా కాంక్రీటు వెనక వాననీరు నిలుస్తుంది. పోవడానికి దారి లేక నానిన మట్టి ఉబ్బి తోస్తుంది. కొన్ని వానాకాలాలు గడిచేసరికి కాంక్రీటు గోడ పగులుతుంది, దానితో పాటు పాత కట్టా జారుతుంది.

మట్టిగోడకు అసలు శత్రువు నీళ్లు. గొర్లు ఎక్కిదిగే బాట, పందికొక్కు బొరియ, కుళ్లిన వేరు వదిలిన సందు, వీటిలో ఏదో ఒకచోట నీరు దూరుతుంది. మొదటి ఏడు అది వేలెడు గాడి, నాలుగో ఏటికి గండి. సర్కారు తుమ్మను జేసీబీతో పెళ్లగిస్తే వేరుతో పాటు బండెడు మట్టి ఊడి వస్తుంది. అందుకని దాన్ని నేలమట్టంగా కోయాలి, చిగురు వేయకుండా మొద్దుకు మందు పూయాలి, వేరు కుళ్లాక ఏర్పడే సందును ఏటా మట్టితో పూడ్చాలి.

గండి పూడ్చడంలోనూ పద్ధతి ఉంది. ముందు గండి ముఖాన్ని మెట్లుగా చెక్కాలి. ఏటవాలు మీద కొత్త మట్టి వేస్తే తొలి వానకే జారిపోతుంది. పాత మట్టికీ కొత్త మట్టికీ మధ్య జియోటెక్స్‌టైల్ అనే, నీరు ఇంకే సింథటిక్ గుడ్డ పరవాలి, రేపు తవ్వేవాళ్లకు ఎక్కడిదాకా మనం చేసిందో తెలియాలి. మట్టి అక్కడి రకమే కావాలి గానీ పాటిదిబ్బ నుంచి మాత్రం తేకూడదు, పెంకులు కలిసిపోతాయి. 15 సెంటీమీటర్ల పొర చొప్పున, పిడికిలి పడితే ముద్ద నిలిచేంత తడితో, దిమ్మిసతో కొట్టాలి. నిలువు ఒకటికి అడ్డం రెండుకన్నా వాలు నిటారుగా ఉండొద్దు. తొలకరికి ముందే గరిక నాటాలి. ఇవన్నీ ఊళ్లో కూలీలు చేయగల పనులే, పక్కన తెలిసినవాళ్లు ఒకరు నిలబడితే చాలు.

కోటిలింగాల సంగతి వేరు. ఎల్లంపల్లి జలాశయం నీరు పెరిగి తగ్గినప్పుడల్లా గట్టు పాదం నాని ఎండుతుంది, ఎండి నానుతుంది. అక్కడ నీటిపారుదల శాఖ ఇంజనీర్లతో కలిసి కూర్చోనిదే ఏ పనీ నిలవదు.

మా విన్నపం ఇది. మొదట రెండు కోటల గోడనూ, కందకాన్నీ కలిపి డ్రోన్‌తో, టోటల్ స్టేషన్ అనే కొలతల యంత్రంతో సర్వే చేయించి, 25 సెంటీమీటర్ల ఎత్తు తేడాలు తెలిసే పటం గీయించండి. దిబ్బ నడిమి ఒక్కటే కాపాడి కందకాన్ని వదిలేస్తే సగం కోట పోయినట్టే. ఆ భూముల సర్వే నంబర్లు భూభారతి రికార్డుల్లో, రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితాలో ఎక్కాలి. ఉపాధి హామీ పనుల నుంచీ, మట్టి తవ్వకం అనుమతుల నుంచీ వాటిని తప్పించాలి. పట్టా ఉన్న రైతును దొంగలా చూడొద్దు. పైపై సాళ్లతో పండే పంటకు ఒప్పుకొని, లోతు దుక్కి, బోరు, మట్టి అమ్మకం మానినందుకు ఏటా పరిహారం ఇవ్వండి.

తర్వాత ఒక్కో కోటకు ఒకే ఒక కోత చాలు. రెండు మీటర్ల వెడల్పుతో, లోపలి కాపురపు పొరల నుంచి గోడ మీదుగా కందకం అవతలి గట్టు దాకా. 1934 నుంచి 1937 దాకా ఇంగ్లండులో మెయిడెన్ కాజిల్ అనే కొండకోట మట్టికట్టల్ని ఇలాగే కోసి చదివిన మార్టిమర్ వీలర్, ఆ పద్ధతినే 1944లో మన పురావస్తు సర్వేకు తెచ్చాడు. 1946లో హరప్పా కోటగోడనూ అలాగే కోశాడు. ఎనభై ఏళ్లుగా మన దగ్గర ఉన్న విద్య ఇది. కోత ఏప్రిల్, మే నెలల్లోనే పెట్టాలి, నీటిమట్టం దిగితే తప్ప కందకం అడుగు చిక్కదు. లోతు పెరిగేకొద్దీ పక్కలను మెట్లుగా వెడల్పు చేయాలి, వదులు మట్టి కూలితే కింద ఉన్నవాళ్ల ప్రాణం పోతుంది. ఇంత లోతు అని కొలతపెట్టి కాకుండా పొరను బట్టి తవ్వాలి. పూడ్చేసే డబ్బు, నివేదిక అచ్చువేసే డబ్బు మొదటి రోజే విడిగా పెట్టాలి. తెరిచి వదిలేసిన కోత జేసీబీ చేసినంత నష్టమే చేస్తుంది, కాస్త ఆలస్యంగా.

2017 తెలంగాణ వారసత్వ చట్టం మీ చేతిలో ఉంది. సర్వే పని ఈ దసరా తర్వాత మొదలైతే వేసవి కోతకు పటం సిద్ధంగా ఉంటుంది. పటం తయారయ్యేదాకా ఆ రెండు గడ్డల మీదకు మట్టి యంత్రాలు రాకుండా ఇద్దరు కలెక్టర్లకూ ఈ వారమే ఒక ఉత్తరం పంపించండి.

ఇట్లు,
మట్టికోటల మీద పనిచేస్తున్న పురావస్తు, చరిత్ర పరిశోధకులు