బియెన్ హోవా మట్టి గురించి అమెరికా విదేశాంగ మంత్రికి

మంత్రి గారికి,

నేను మీ దేశంలో పన్ను కడుతున్న తెలుగువాణ్ణి. వియత్నాంతో గానీ, అక్కడి బియెన్ హోవా ఊరితో గానీ నాకు చుట్టరికమేమీ లేదు. కానీ వియత్నాం యుద్ధంలో మీ సైన్యం చల్లిన ఒకే విషానికి సొంత సైనికులకో రూలు, అక్కడి జనానికో రూలు పెట్టడం మాత్రం నాకు మింగుడు పడట్లేదు.

1962 నుంచి 1971 దాకా మీ విమానాలు దక్షిణ వియత్నాం అడవుల మీదా వరిచేల మీదా 7 కోట్ల లీటర్లకు పైగా కలుపు మందులు చల్లాయి. ఎక్కువ భాగం ఏజెంట్ ఆరెంజే. అందులో సగం 2,4-డి, మా ఊళ్ళలో వరిలో ఇప్పటికీ కొట్టే మందే (అది మంచిదని కాదు గానీ, ఇక్కడ అసలు చిక్కు రెండో సగమైన 2,4,5-టితో, దాన్ని తయారుచేసేటప్పుడే డయాక్సిన్ అనే విషం పుట్టి అందులో కలిసిపోయింది). ఈ డయాక్సిన్ నీళ్ళలో కరగదు, చెరువు అడుగు బురదని పట్టుకుని కూర్చుంటుంది, అక్కణ్ణుంచి చేపల్లోకి, బాతుల్లోకి, వాటిని తిన్న మనిషి కొవ్వులోకి వెళ్తుంది, ఒంట్లో చేరినదాంట్లో సగం పోవడానికే 7 నుంచి 11 ఏళ్ళు పడుతుంది.

మీకు తెలియనిదేం కాదు. మీ సైనికుడు యుద్ధకాలంలో వియత్నాంలో పనిచేశాడంటే చాలు, తర్వాత షుగర్ వచ్చినా, పార్కిన్‌సన్స్ వచ్చినా, ప్రొస్టేట్ క్యాన్సర్ వచ్చినా ఆ మందు వల్లేనని మీ ప్రభుత్వమే అనుకుంటుంది, రుజువు తెమ్మనదు. 1991 చట్టంతో మొదలైన పద్ధతి ఇది. 2022లో బీపీని కూడా చేర్చారు. వాళ్ళ పిల్లలు వెన్నెముక సరిగ్గా మూసుకోకుండా పుడితే వాళ్ళకీ నెలనెలా డబ్బు ఇస్తారు. ఇవ్వాల్సిందే, ఊరికే రాలేదు, ఏళ్ళ తరబడి కొట్లాడి తెచ్చుకున్నారు.

మరి ఆ విమానాల కింద పొలంలో ఉన్న ఆడమనిషి సంగతేంటి? ఆవిడ దగ్గరికొచ్చేసరికి శాస్త్రీయ రుజువు కావాలి. వియత్నాం బాధితుల కేసును 2005లో న్యూయార్క్ కోర్టు కొట్టేసింది. వియత్నాంలో మీరిచ్చే వికలాంగుల సాయం కూడా, వైకల్యానికి కారణం ఏదైనా సరే అని రాసుకుని మరీ ఇస్తారు. మనవల తరం లోపాలకు ఇదే కారణమా అన్నది ఇంకా తేలలేదు, ఒప్పుకుంటాను. కానీ మీ సైనికుల జబ్బుల్లో కూడా అన్నిటికీ పక్కా రుజువు లేదు కదా, అనుమానం ఉన్నచోట రోగి వైపు మొగ్గారు, అంతే.

ఆ మందులు నిల్వచేసి విమానాల్లోకి ఎక్కించిన డా నాంగ్ ఎయిర్‌పోర్టు మట్టిని 300 డిగ్రీలకు పైగా వేడిచేసి 2018కల్లా శుభ్రం చేయించారు, బాగుంది. అలాంటిదే అయిన బియెన్ హోవా ఎయిర్‌బేస్‌లో ఉన్న విషపు మట్టి దానికి ఎన్నో రెట్లు, దాదాపు 5 లక్షల ఘనపు మీటర్లు. 2025 మొదట్లో విదేశీ సాయం ఒక్కసారిగా ఆపేస్తే, తవ్విన విషపు మట్టిని అలాగే వదిలేసి పనివాళ్ళు వెళ్ళిపోవాల్సొచ్చింది. తర్వాత పని మళ్ళీ కదిలిందనుకోండి, కానీ చుట్టూ ఊరు, పక్కనే నది, అక్కడి జనానికి ఎంత టెన్షనో ఆలోచించండి.

బియెన్ హోవా పని పూర్తయ్యేదాకా కావాల్సిన డబ్బు ఎవరూ ఆపలేనట్టు ముందే పక్కన పెట్టించండి. మీ సైనికులకు వాడే జబ్బుల జాబితానే మందు చల్లిన జిల్లాల జనానికీ వర్తింపజేయండి. కొత్త కమిటీ ఏదీ అక్కర్లేదు, ఆ జాబితా మీ దగ్గరే ఉంది.