డిగ్రీ పిల్లలకు ఢిల్లీలో ఒక సెమిస్టర్: ఉన్నత విద్యాశాఖ మంత్రికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో రాజనీతి శాస్త్రం చెబుతాను. చివరి ఏడాది పిల్లల ఇంటర్న్‌షిప్‌కు మెంటార్‌గా కూడా ఉంటాను. మిమ్మల్ని కోరేది ఒక్కటే. మన ప్రభుత్వ కళాశాలల పిల్లల్లో కొందరికైనా ఆ ఇంటర్న్‌షిప్ సెమిస్టర్‌ను ఢిల్లీలో గడిపే వీలు కల్పించండి. పగలు పని, సాయంత్రం పాఠం, రాత్రికి రాష్ట్రం చూపించిన గది. ఈ మూడూ కలిస్తేనే అది కుదురుతుంది.

2020-21లో మన రాష్ట్రం డిగ్రీకి పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేసింది. మొదటి ఏడాది అయ్యాక రెండు నెలలు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది అయ్యాక మరో రెండు నెలలు, చివరి ఏడాదిలో ఒక సెమిస్టర్ మొత్తం. ఆ ఆలోచనను నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. సర్వే కాగితాలు పట్టుకుని తన ఊళ్లోనే ఇల్లిల్లూ తిరిగిన పిల్లవాడు పుస్తకంలో దొరకనిది నేర్చుకుని రావడం కళ్లారా చూశాను. చిక్కంతా చివరి సెమిస్టర్ దగ్గరే. బీఏ చదివే పిల్ల మా లాంటి పట్టణంలో అన్ని నెలలు ఎక్కడ పనిచేయాలి? డబ్బు కట్టించుకుని సర్టిఫికెట్ చేతిలో పెట్టే శిక్షణ కేంద్రాలు పుట్టుకొచ్చాయి. లాగ్ బుక్ నిండుతుంది, వైవా అయిపోతుంది, మార్కులు పడతాయి. పార్లమెంటరీ కమిటీల మీద క్లాసులో చక్కటి సెమినార్ ఇచ్చిన ఒక అమ్మాయి తన సెమిస్టర్ అంతా ఒక దుకాణంలో బిల్లులు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తూ గడిపింది. ఆ పనిని నేను చిన్నబుచ్చను. కానీ ఆ పిల్ల వెళ్లాల్సిన చోటు అది కాదు.

ఢిల్లీలో అవకాశాలు లేక కాదు. నీతి ఆయోగ్ డిగ్రీ పిల్లలను తీసుకుంటుంది, కానీ పైసా ఇవ్వదు. నాలుగు నెలలు సొంత డబ్బుతో ఢిల్లీలో ఉండగలిగేది ఎవరో మీకు తెలుసు. చట్టసభల పనితీరును అధ్యయనం చేసే పీఆర్ఎస్ సంస్థ 2010 నుంచి నడుపుతున్న లాంప్ ఫెలోషిప్‌లో ఒక్కో ఎంపీ దగ్గర ఒక్కో యువ సహాయకుడు పనిచేస్తాడు. స్టైపెండ్ కూడా ఉంటుంది, అయితే అది డిగ్రీ పూర్తయినవాళ్లకు. ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం 2024లో మొదలైనప్పుడు రెగ్యులర్‌గా కాలేజీలో చదువుతున్నవాళ్లకు వర్తించలేదు. అంటే చదువు మధ్యలో ఉన్న పేదింటి పిల్లకు దారి రాష్ట్రమే వేయాలి.

పార్లమెంటు సంగతి కాస్త వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే నా పాఠానికి ప్రాణం అక్కడే ఉంది. బడ్జెట్ సమావేశాలు జనవరి చివర్లో మొదలై, మధ్యలో విరామంతో ఏప్రిల్ దాకా సాగుతాయి. మా ఆరో సెమిస్టర్ నడిచేది కూడా దాదాపు ఆ నెలల్లోనే. మన రాష్ట్రానికి లోక్‌సభలో 25 మంది, రాజ్యసభలో 11 మంది, మొత్తం 36 మంది సభ్యులున్నారు. ఒక్కొక్కరి దగ్గర ఒక్క విద్యార్థి చేరినా 36 మంది. లోక్‌సభలో ప్రశ్న వేయాలంటే కనీసం పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ప్రశ్న మామూలుగా 150 పదాలు దాటకూడదు. నోటిమాటగా జవాబు చెప్పాల్సిన ప్రశ్నల జాబితాలో రోజుకు 20కే చోటు, రాతపూర్వక జవాబులకైతే 230. అదే అంశం మీద మంత్రిత్వ శాఖ ఇదివరకు ఏం చెప్పిందో వెతకడం, తన మండలం లెక్కలు దానికి జోడించడం, పదాలు తగ్గించి ప్రశ్నకు పదును పెట్టడం, ఇవన్నీ డిగ్రీ విద్యార్థి చేయగల పనులే. మంత్రి సభలో మాట ఇస్తే దాన్ని హామీల కమిటీ వెంటాడుతుందనీ, మూడు నెలల్లో నెరవేర్చాలనీ నేను ఏళ్లుగా బోర్డు మీద రాస్తున్నాను. తన జిల్లా గురించి ఇచ్చిన హామీ ఏమైందో ఆ పిల్ల స్వయంగా వెతికితే ఇక నేను చెప్పాల్సిన పని ఉండదు. విరామంలో స్థాయీ సంఘాలు, అంటే ఎంపీల కమిటీలు, శాఖల గ్రాంట్లను (అవి అడిగే నిధులను) పరిశీలిస్తాయి. ఆ సమావేశాలు బయటివారికి మూసే ఉంటాయి, నిజమే. వాటి నివేదికలు మాత్రం సభ ముందుకు వస్తాయి. వాటిని పక్కన పెట్టుకుని బడ్జెట్ చదవడమే సాయంత్రం పాఠం కావచ్చు.

ఇది రాజనీతి శాస్త్రం పిల్లలకే పరిమితం కానక్కర్లేదు. చరిత్ర చదివేవాళ్లకు జనపథ్‌లో జాతీయ అభిలేఖాగారం ఉంది. వ్యవసాయం, భౌతిక శాస్త్రం వైపు జాతీయ పరిశోధన సంస్థలున్న పూసా ప్రాంతం ఉంది. కామర్స్ పిల్లలకు ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ కార్యాలయం ఉంది.

వసతి దగ్గరే తల్లిదండ్రులు ఆగిపోతారు. ఆడపిల్లను ఢిల్లీ పంపమంటే మొదటి ప్రశ్న ఎక్కడ ఉంటుందనే. 2024 జూలైలో పాత రాజేందర్ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ సెల్లార్‌లోకి నీళ్లు ముంచెత్తి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. ఆ వార్త చూసిన తండ్రికి ఏదో పీజీలో చూసుకుంటుందిలెండి అని చెప్పడానికి నాకు నోరు రాదు. అశోకా రోడ్డులో ఆంధ్ర భవన్ ఉంది. 2024 మార్చిలో తెలంగాణతో పంపకాలు తేలాక మన వాటాకు సుమారు పదకొండున్నర ఎకరాలు వచ్చాయి. అక్కడ కొత్త కట్టడాలకు ప్లాను ఎప్పుడు గీసినా ఒక అంతస్తు విద్యార్థులకు రాసిపెట్టండి. అందాకా ఉన్న గదుల్లో కొన్ని చాలు. భవన్ క్యాంటీన్ భోజనానికి ఊరంతా క్యూ కడుతుంది కాబట్టి తిండికి లోటుండదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి వాషింగ్టన్‌లో సొంత భవనం ఉంది. పిల్లల గదులూ తరగతులూ ఒకే కప్పు కింద. అదే నగరంలో అమెరికన్ యూనివర్సిటీ 1947లోనే వాషింగ్టన్ సెమిస్టర్ మొదలుపెట్టింది. మనకు స్థలం ఉంది, నిబంధన ఉంది, కాలం కూడా కలిసివస్తోంది.

పాఠానికీ చోటు వెతకనక్కర్లేదు. తిరుమల తిరుపతి దేవస్థానం 1961లో స్థాపించి నడుపుతున్న శ్రీ వెంకటేశ్వర కళాశాల ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఉంది. వారానికి రెండు సాయంత్రాలు ఒక గది, ఇద్దరు ముగ్గురు అధ్యాపకులు దొరికితే చాలు. 1948లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఢిల్లీలో తెలుగు పిల్లల చదువు కోసం ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీని నిలబెట్టారు. ఆ బడులు ఇప్పటికీ నడుస్తున్నాయి. వాటి అధ్యాపకుల్లో కొందరు మా పిల్లలకు హిందీ తడబాటు తీర్చగలరు. ఇంగ్లీషు గురించి నాకు దిగులు లేదు, అది రోజూ రాస్తుంటే వస్తుంది.

ఖర్చు ఎంత? మొదటి ఏడు అరవై మందిని పంపండి. ఎంపీల దగ్గర 36 మంది, మిగతావాళ్లు ప్రయోగశాలల్లో, కార్యాలయాల్లో. నెలకు పదిహేను వేల చొప్పున నాలుగు నెలలకు 36 లక్షలు. దానికి రైలు ఛార్జీలు, జనవరి చలికి ఒక్కొక్కరికీ ఒక స్వెట్టరూ రగ్గూ కలపండి. ఎంపిక మార్కుల మీదే వద్దు. సగం సీట్లు అమ్మాయిలకు, కుటుంబంలో తొలిసారి డిగ్రీ చదువుతున్నవాళ్లకు పెద్దపీట, ఏజెన్సీ ప్రాంతాల కళాశాలల నుంచి తప్పకుండా కొందరు. సిఫారసు ఉత్తరాలు అసలే వద్దు. ఎంపీ కార్యాలయంలో ఉన్న విద్యార్థి చేత పార్టీ పని చేయించకూడదని ముందే రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోండి. లేకపోతే ఆ సెమిస్టర్ జెండాలు మోయడంతో సరిపోతుంది.

వచ్చే బడ్జెట్ సమావేశాలకు పిల్లలు అక్కడ ఉండాలంటే ఎంపిక అక్టోబరులో జరగాలి, అంతకు ముందే ఉన్నత విద్యా మండలి ఉత్తర్వులు కళాశాలలకు చేరాలి. మా కళాశాలలో అర్హుల జాబితా నేను తయారుచేసి ఉంచుతాను. ఢిల్లీలో మొదటి పది రోజులు పిల్లలతో ఉండి, పని అప్పగించి రావడానికి సెలవు పెట్టుకుని నా ఖర్చుతో రావడానికి కూడా సిద్ధం.

భవదీయుడు,
ప్రభుత్వ డిగ్రీ కళాశాల రాజనీతి శాస్త్ర అధ్యాపకుడు