సంచి తర్వాత, ముందు నీళ్లు

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. ఆపద సమయానికని ఇంత పెద్ద సంచి కొనేశావు, ఇప్పుడు అందులో ఏం సర్దాలని అడుగుతున్నావు. సంచిని కాసేపు మూల పెట్టరా. ముందు నీళ్లు.

మనిషికి రోజుకి 4 లీటర్లు లెక్కేసుకో, తాగడానికీ వంటకీ చేతులు కడుక్కోవడానికీ కలిపి. నలుగురికి మూడు రోజులంటే 48 లీటర్లు. అదంతా ఒకే డ్రమ్ములో పోశావనుకో, అంత బరువు కదపలేవు, చిల్లు పడితే మొత్తం పోతుంది. 10 లీటర్ల క్యాన్లు ఐదు తీసుకో. పాల ప్లాస్టిక్ డబ్బాలు మాత్రం వద్దు. ఎంత తోమినా పాల జిడ్డు పూర్తిగా వదలదు, అందులో సూక్ష్మజీవులు పెరుగుతాయి. క్యాన్ మీద తేదీ రాసి, ఆరు నెలలకోసారి నీళ్లు మార్చు.

నీళ్ల మీద అనుమానం ఉంటే మరిగించడమే మేలు. తెర్లుతూ ఒక నిమిషం చాలు, 2000 మీటర్లు దాటిన ఎత్తులో మూడు నిమిషాలు. పొయ్యి లేనప్పుడే బ్లీచ్. వాసన, సబ్బు కలపని ద్రవ బ్లీచ్, సీసా మీద 5-6 శాతం సోడియం హైపోక్లోరైట్ అని ఉన్నది, లీటరుకి 2 చుక్కలు. నీళ్లు మడ్డిగా ఉంటే గుడ్డలో వడకట్టి 4 చుక్కలు. కలిపి అరగంట ఆగితే సన్నగా క్లోరిన్ వాసన రావాలి. రాకపోతే అంతే మోతాదు మళ్లీ వేసి పావుగంట ఆగు. సీసా ఏడాది దాటితే దాని బలం తగ్గిపోతుంది, దాన్ని నమ్ముకోకు. నీళ్లలో పెట్రోలో, పురుగుమందో కలిసిందా, మరిగించినా బ్లీచ్ వేసినా లాభం లేదు, పారబోయడమే.

కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తియ్యకు, నాలుగు గంటలు చల్లగా ఉంటుంది. నిండా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు ఆగుతుంది, సగం ఖాళీ అయితే 24. ఒక చిట్కా: కప్పులో నీళ్లు గడ్డకట్టించి, పైన నాణెం పెట్టి ఫ్రీజర్లోనే ఉంచు. తర్వాత నాణెం అడుక్కి చేరి ఉంటే, లోపలివన్నీ ఓసారి కరిగి మళ్లీ గడ్డకట్టాయన్నమాట. అవి తినొద్దు.

జనరేటర్ ఉంటే బయట, కిటికీలకి కనీసం 6 మీటర్ల దూరంలో పెట్టు. వరండాలో కూడా వద్దురా! కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. గ్యాస్ వాసన వస్తే ఏ స్విచ్చీ ముట్టుకోకుండా అందరూ బయటికొచ్చాకే ఫోన్.

టార్చిలో సెల్స్ వేసి దాచకు. ఏళ్లు గడిస్తే కారి, లోపలి స్ప్రింగుల్ని తినేస్తాయి. సెల్స్ పక్కన కవర్లో పెట్టు. పవర్ బ్యాంక్‌ని మూడు నెలలకోసారి ఛార్జ్ చెయ్యి. కొవ్వొత్తులు నాకు నచ్చవు, గాలికి కర్టెన్ అంటుకుంటే రెండో ఆపద.

సంచి అన్నావుగా. రోజూ వేసుకునే మందులు వారానికి సరిపడా, వాటి చీటీ, కళ్లజోడు, చిల్లర నోట్లు, కాగితాల నకళ్లు జిప్ కవర్లో. ఫోన్ నంబర్లు కాగితం మీద రాసిపెట్టు. వాటిలో ఒకటి దూరపు ఊళ్లో ఉండేవాళ్లది కావాలి. కాల్స్ కలవని చోట చిన్న మెసేజ్ వెళ్తుంది, ఇంట్లో అందరూ ఆ ఒక్కరికే కబురు పెడితే సరి.

అన్నట్టు, మీ ఇంటి మెయిన్ స్విచ్, నీళ్ల వాల్వ్ ఎక్కడున్నాయో నీకు కాకుండా ఇంకెవరికి తెలుసో అడిగి, జవాబులో రాయి.

నీ
స్నేహితుడు